ఇద్దరు చాలు

మీరే చంపారు.

ఆ రోజు లారీ ఎక్కిన ఇరవై ఆరు మంది అభిమానులూ కలిసి చంపారు. ఆటగాళ్ళను అనను. వాళ్ళు ఆడటానికి పోయారు. మీరు చూడటానికి పోయారు.

అరవై ఎనిమిదో సంవత్సరం. కాలువ మీద కూలి పని చేసే ఏడో మైలు క్యాంపు ఫుట్‌బాల్ జట్టు ఫైనల్‌కొచ్చింది. ఆట మాన్విలో, మాన్వి వాళ్ళతోనే. నాలుగు గంటలకు మొదలు. అరగంట ఆలస్యమైతే కప్పు అవతలి వాళ్ళకు.

లారీ కాలువ గట్టు మీద పోతోంది. డప్పులు, ఈలలు. గట్టు కింద క్యాంపు గుడిసెలు ఇంకా కనబడుతూనే ఉన్నాయి.

ఒక ముసలాయన దారికి అడ్డంగా చేతులు చాచి నిలబడ్డాడు. మోకాళ్ళ దాకా బురద. భుజాన తాడు చుట్ట.

"నిలుపుండ్రప్పా! గట్టుకు బొక్క పడ్డది. అవతల నీళ్ళు చిమ్ముతున్నయ్."

డప్పు కొట్టే హుసేనప్ప లారీ అంచు మీంచి వంగాడు. "పడితె గేట్లు సూసే లష్కరుకు చెప్పు పో. మాకేంటికి చెప్తవ్?"

"లష్కరు పొద్దుగాలనే మీ ఆటకు పోయిండంట."

లారీ అంతా నవ్వింది.

"నేను నీళ్ళల్ల దిగి లోపలికెళ్ళి గడ్డి కుక్కుత. నడుముకు తాడు కట్టుకుంట. ఒడ్డు మీద గుంజి పట్టనీకె ఇద్దరు చాలు. ఆటగాళ్ళు వొద్దు. సూసేటోళ్ళల్ల ఇద్దరు."

"సూసేటోళ్ళు లేకుంటె ఆట ఏంటికి?"

"గంట పని, నాయనా. గడ్డి కోసనీకె ఇటొచ్చిన, బస్సెక్కి నాగ్గూడ ఆటకే పోయేదుంది."

"ఏ ఊరు నీది?"

ముసలాయన అబద్ధం చెప్పలేదు.

"మాన్వి."

"దొరికిండ్రా!"

పోయినేడు మాన్వికి పోయేటప్పుడు దారిలో ముళ్ళకంప అడ్డం పడి ఉంది. ఆలస్యమై కప్పు పోయింది. ఆ కంప ఎవరు వేశారో ఎవరూ చూడలేదు. మాన్వి వాళ్ళేనని అందరూ తేల్చేశారు.

"ఆ ఏడు ముళ్ళకంప, ఈ ఏడు ముసలోడు!" హుసేనప్ప డప్పు మీద ఒక దెబ్బ వేశాడు. "సూగప్పా, హారన్ కొట్టు. జల్ది పోనియ్!"

"ఒక్కరన్న దిగుండ్రి. మీ ఇండ్లే గదప్పా ఆ కింద ఉన్నయ్!"

డ్రైవరు సూగప్ప బండి కదిలించాడు. ముసలాయన పక్కకు తప్పుకున్నాడు. మీలో ఎవరో శెనక్కాయ పొట్టు ఆయన నెత్తిన పోశారు.

మాన్వి గోల్‌కీపరు విరూపాక్ష మనసు ఆ రోజు ఆట మీద లేదు. మాటిమాటికి రోడ్డు వైపు చూస్తున్నాడు. మీరు వదిలారా? గోలు స్తంభాల వెనకే చేరారు.

"ఏం బావా, పిల్లనిచ్చేటోళ్ళొస్తున్నరా?"

"ఉరకనీకె బస్సు సూస్కుంటుండు!"

ఆట అయిపోవస్తుండగా రోడ్డు మీద బస్సు ఆగింది. విరూపాక్ష తల తిప్పాడు. తిరిగి చూసేసరికి బంతి లోపలుంది.

ఒకటి–సున్నా. కప్పు మీది.

పొద్దు గూకుతుంటే లారీ తిరిగొచ్చింది. గట్టు మీద క్యాంపు ఆడవాళ్ళంతా నిలబడి ఉన్నారు. హుసేనప్ప భార్య హులిగెమ్మ చంకలో పిల్ల ఉంది.

"మీరు పోయినంక గుడిసెలల్లకు నీళ్ళొచ్చినయ్. మోకాలెత్తు. పిల్లల్నెత్తుకోని ఎటు ఉరకాల్నో తెల్వలే. అంతల ఆగినయ్." ఆమె కాలువ వైపు చూపించింది. "గీయన ఆపిండు."

ఆయన నీళ్ళలోనే ఉన్నాడు.

బొక్కలో గడ్డి కుక్కాడు. చాలక ధోతీ, అదీ చాలక తలగుడ్డ. చెయ్యిని భుజం దాకా బొక్క లోపలికి పీల్చుకుంది. పట్టేవాళ్ళు లేక తాడు రెండో కొస ఒడ్డున తుమ్మ మొక్కకు కట్టుకున్నాడు. మొక్క వేళ్ళతో సహా ఊడి నీళ్ళ మీద తేలుతోంది.

హుసేనప్ప చేతిలో కప్పు ఉంది. ఎక్కడ పెట్టాలో అతనికి తెలియలేదు.

"మీకెరికనా ఈయన?" హులిగెమ్మ అడిగింది.

ఎవరూ నోరు విప్పలేదు.

పోలీసులు వచ్చినప్పుడు మాత్రం విప్పారు. "కాలు జారి పడ్డట్టుంది సారు. మేము సూడనే లేదు." పంచనామా మీద వేలిముద్రలు వేశారు. శవాన్ని ఎద్దుల బండిలో మాన్వికి పంపారు. వెంట ఒక్కరూ పోలేదు. తలుపులు మూసుకుని పడుకున్నారు.

లేవండి. ఇరవై ఆరు మందీ బయటికి రండి. లారీ వద్దు, డప్పు వద్దు. మాన్వి దాకా నడవండి. పంచనామాలో చెప్పింది అబద్ధమని ఠాణాలో రాయించండి. అంతకన్నా ముందు ఆ కీపరు విరూపాక్ష గుమ్మంలో నిలబడి, తల వంచుకోకుండా చెప్పండి: మీ నాయన మమ్మల్ని పిలిచాడు, మేము ఆగలేదు అని.