బిగించిన మూత

ఎడారి దేశంలో, షువైఖ్‌లోని రోడ్డు మరమ్మతుల యార్డులో వానకు ముందు కాలువ మూత బిగించి ఉందో లేదో చూసొచ్చి కాగితం మీద సంతకం పెట్టాలి. అక్కడ పనిచేసే నర్సింగ్ పోయిన వానకు కేబిన్‌లో టీ తాగుతూ, చూడకుండానే గీకేశాడు. అతని గదిలోనే ఉండే లచ్చన్న, మూత ఊడిన ఆ కాలువలో పడి కొట్టుకుపోయాడు. శవం కూడా దొరకలేదు.

ఈ రాత్రి ఉరుము వినగానే నర్సింగ్ టార్చి పట్టుకుని పరుగెత్తాడు. మూత బిగించే ఉంది. కానీ ఒలికిన డీజిల్ కాలువలోకి పోకుండా సాయంత్రం చల్లిన ఇసుక మీద తడి పాదాల గుర్తులున్నాయి. మూత దగ్గర మొదలై కేబిన్ వైపు వెళ్లాయి. చినుకు ఇంకా పడనేలేదు.

కేబిన్‌లో కాగితం మీద పెన్ను గీసిన చప్పుడు.

"నర్సింగన్నా," లచ్చన్న గొంతు మెల్లగా పిలిచింది. "నీ సంతకం నేను పెట్టిన. ఇగ నువ్వు దిగు. మూత నేను బిగిస్త."