డబ్బా మీది చెయ్యి

ఆ రోజు ఇంట్లో ఉన్నది అయిదుగురు. మంచం మీద తాతయ్య, ఆయన కాళ్ల దగ్గర మేనత్త, డాక్టరుకు ఫోన్ చేస్తూ నాన్న, వంటింట్లో అమ్మ, తాతయ్య పక్కన మనవరాలు.

పొద్దుటి నుంచీ తాతయ్యది ఒకటే మాట.

"ఆ చెయ్యి... ఒక్కసారి ఇటివ్వండి."

ఎవరు చెయ్యి అందించినా చిటికెనవేలు తడిమి చూసి వదిలేస్తున్నాడు.

"నీ ముద్దుల మనవరాలి చెయ్యీ నచ్చలేదా నాన్నా?" అత్త కళ్లు ఒత్తుకుంది.

కిటికీలో ఆయన ఫ్యాక్టరీ గ్రీజు డబ్బా ఉంది. దాని మీద నల్లటి అరచేతి ముద్ర. చిటికెనవేలు కొడవలిలా వంకర.

ఆ డబ్బా కథ ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. ఒకప్పుడు ఇటుక బట్టీల్లో బళ్ల చక్రాలకు నూనె వేస్తే వేడికి మాడిపోయేది. చక్రాలు బిగుసుకుపోయేవి. పెన్సిల్ ముల్లులో ఉండే గ్రాఫైటును పొడి చేసి గ్రీజులో కలిపాక, నూనె మాడినా పొడి మిగిలి చక్రాలను నడిపించింది.

"మొదటి ముద్ద కలిపిన చెయ్యి ఇదే," అని తాతయ్య డబ్బాను తట్టేవాడు. అంతకు మించి చెప్పేవాడు కాదు.

"మరి నీ వేలు తిన్నగా ఉందేం తాతయ్యా?" అని చిన్నప్పుడు మనవరాలు అడిగితే, అత్తే జవాబిచ్చింది.

"బొమ్మ వేసినవాడి చెయ్యి వంకరే పిల్లా!"

వీధి తలుపు కిర్రుమంది. తాతయ్య ఉలిక్కిపడ్డాడు. ఆ చప్పుడంటే ఆయనకు ప్రాణం పోయినంత పని.

గుమ్మంలో ఒక ముసలామె. మోచేతుల దాకా చేతులు నల్లగా నిగనిగలాడుతున్నాయి.

"ఆయనకు బాలేదని తెలిసింది బాబూ. ఒక్కసారి చూసి పోతాను."

"ఆ చేతులు చూడు వదినా! గోడలన్నీ మసి చేసి పెడుతుంది," అత్త గొణిగింది.

"కడుక్కునే వచ్చాను తల్లీ. ఇది పోయే మసి కాదు."

"ఇంతకీ మీరెవరు?" నాన్న అడ్డంగా నిలబడ్డాడు.

ఆమె తడబడింది. "కలిసి పనిచేశాం బాబూ."

"ఆయన దగ్గర వందలమంది పనిచేశారు."

ఆమె కొంగుముడి విప్పి, చిటికెడు నల్లపొడి తీసి తలుపు బందుల్లో రుద్దింది.

"ఈ కిర్రుమనే చప్పుడు ఆయనకు పడదు."

"మొన్ననే రంగు వేయించాం, వదులు!"

నాన్న తలుపు నెట్టాడు. ఆమె అరచెయ్యి ఆనించి ఆపబోయింది.

"ఒక్క నిమిషమే కదా నాన్నా, పాపం..." మనవరాలు అడ్డుపడింది.

"నువ్వూరుకో!"

తలుపు మూసుకుంది.

కాసేపటికి తాతయ్య కళ్లు తెరిచాడు.

"తలుపు అరవలేదేం? వచ్చిందా... ఆ చెయ్యి?"

అదే ఆఖరి మాట. అత్త గొల్లుమంది.

మనవరాలు తలుపు తీసుకుని బయటికి పరుగెత్తింది. మలుపు దాకా వీధి ఖాళీ. రొప్పుతూ వెనక్కి వచ్చేసరికి గుమ్మంలో నాన్న.

"తాతయ్య పోతే వీధులు పట్టుకు తిరుగుతావా? అక్కడే ఉండు!"

ఆమె ముఖం మీదే తలుపు వేసేశాడు.

కొత్త తెల్లరంగు మీద, సరిగ్గా ఆమె కళ్లెదుట, నల్లటి అరచేతి ముద్ర. చిటికెనవేలు కొడవలిలా వంకర.