రామస్వామి పంట్లాం

బట్టల కొట్టు గుమ్మంలో నిలబడ్డ మనిషి ఒంటి మీంచి సముద్రం కారుతోంది.

కాసులమ్మ ముందు మనిషిని చూడలేదు. గడప దగ్గర మడుగు కడుతున్న నీళ్ళను చూసింది.

"అక్కడే ఉండు బాబూ. తానులు తడిసిపోతాయి."

బర్మాకి, రంగం రేవుకి పోయే ఓడ ఆ పొద్దున్నే గోపాలపూర్‌కి ఎదురుగా లంగరు వేసింది. ఒడ్డుకు తెచ్చే పడవ కెరటానికి ఒరిగి, ఇతను మూటతో సహా నీళ్ళలో పడ్డాడట. మనిషి దొరికాడు, మూట దొరకలేదు. రేవు దొరని చూడాలట. తడి లుంగీతో వెళితే బంట్రోతే తరిమేస్తాడు కనక ఒక ఖమీస్, ఒక సిర్వాల్ ఒక్క పూటకి ఎరువిప్పించమన్నాడు.

కాసులమ్మ తడుముకోకుండా షర్టూ పంట్లామూ తీసింది.

ఇంగ్లీషు కళాసీలూ అరబ్బు కళాసీలూ ఆవిడకి బేరంతో పాటు భాష కూడా ఇచ్చిపోయారు. షర్టు ఖమీస్. పంట్లాం సిర్వాల్. బెల్టు హిజామ్. మేజోళ్ళు జౌరబ్. వేసుకోమంటే ఇల్బస్, విప్పమంటే ఇఖ్ల. జేబూ జుబ్బా కూడా తమ మాటలేనని ఒక అరబ్బు దబాయిస్తే, సరే, రెండూ నా దగ్గరే కొనుక్కో అంది.

సరదాకి నేర్చిన చదువు కాదది.

ఆవిడ తమ్ముడు కొండబాబు రేవు బంగళాలో దొరకి బట్టలందించే పనిలో చేరాడు. ఒకనాడు దొర పంట్లాం జారకుండా భుజాల మీంచి తగిలించుకునే బ్రేసులు అడిగితే బెల్టు అందించాడు. దుబాసీ రామస్వామి పదిమందిలో వాణ్ణి చెప్పుతో కొట్టాడు. కొండబాబు ఇంటికి రాలేదు. అటునుంచి అటే ఏదో ఓడెక్కి పోయాడు.

కాసులమ్మ తన చెప్పు పుచ్చుకుని బంగళాకి వెళితే బంట్రోతులు గేటు దాటనివ్వలేదు. ఆ తరవాత ఆ దొరకి అరబ్బు దేశంలోని ఏడెన్ రేవుకి బదిలీ అయి, ఇక్కడికి కొత్త దొర వచ్చాడు. పాత దొర రామస్వామిని కూడా వెంటబెట్టుకు పోయాడన్నారు. ముఖమైనా చూడని మనిషి మీద పగని ఆవిడ ఆవకాయలా జాడీలో పెట్టి వాసెన కట్టింది.

అప్పట్నుంచి ఏ ఓడ వచ్చినా కళాసీలని రెండే అడిగేది. మా తమ్ముణ్ణి చూశారా అని, బట్టల్ని మీరేమంటారని. రెండోదానికే జవాబులొచ్చాయి.

"దొరలతో మాట్లాడ్డం అలవాటేనా బాబూ?" అంది, షర్టు దులుపుతూ.

"ఈ రేవు బంగళాలోనే సేసేనమ్మా. రామస్వామి దుబాసీ అంటే నేనే."

దులుపుతున్న షర్టు గాలిలోనే ఆగింది.

ముఖం మాత్రం మారలేదు. పంట్లాం నడుం దగ్గర కాస్త బిగించి తెస్తానని లోపలికి వెళ్ళింది. కత్తెర తీసుకుని వెనక కుట్టు మొదలంటా విప్పింది. పైపైన నాలుగు వదులు కుట్లు వేసింది. అవి మనిషి నిలబడితే నిలుస్తాయి, వంగితే నిలవవు.

గుమ్మంలోంచి ఆ మనిషి ఏదో చెబుతూనే ఉన్నాడు. ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చిందట, దొర ఒక్క మాటంటే చాలట. ఆవిడ దారం కొరుకుతూ ఊఁ కొట్టింది.

పంట్లాం అందిస్తూ బుద్ధులు కూడా చెప్పింది.

"బాగా వొంగి దండమెట్టు. ఎంత వొంగితే దొరకి అంత దయ."

"సల్లగా ఉండమ్మా" అని అతను వెళ్ళాడు.

మధ్యాహ్నానికి చేపలమ్మే గురువమ్మ కబురు మోసుకొచ్చింది. దొరసానులు టీ తాగుతున్న వరండాలో ఎవడో నేలకంటా వంగాడట. పంట్లాం చిరిగిన చప్పుడు సముద్రం హోరులో కూడా వినబడిందట. దొరసానులు విసనకర్రలు అడ్డం పెట్టుకున్నారట. దొర మండిపడి, వాడి నోట మాట రాకముందే గెంటించాడట.

"ఏటి కాసులమ్మప్పా, అంత నవ్వుతున్నావు?"

కాసులమ్మ బేరమాడకుండా చేపలు కొంది. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తింది.

సాయంత్రం ఓడ కూత వేసి కదిలింది. కాసేపటికి ఆ మనిషి వచ్చాడు. ఆరిన లుంగీ కట్టుకున్నాడు, పంట్లాం మడత పెట్టి పట్టుకున్నాడు. దొర మనసు మారుతుందేమోనని ఇందాకటిదాకా గేటు దగ్గరే పడిగాపులు పడ్డాడట. ఆఖరి పడవ కూడా పోయిందట.

తిట్టిపోస్తాడని కాసులమ్మ జవాబులన్నీ సిద్ధం చేసుకుని కూర్చుంది. అతను పంట్లాం బల్ల మీద పెట్టి, కుట్టు పాతదై ఉంటుందమ్మా, మీ తప్పేం లేదు అన్నాడు.

ఆవిడ సంబరం సగం చప్పబడింది. దెబ్బ ఎవరిదో తిన్నవాడికి తెలియకపోతే కొట్టి ఏం లాభం?

"కుట్టు నేనే ఇప్పేను. నువ్వు సెప్పుతో కొట్టిన కొండబాబుకి అప్పని."

అతను ఆవిడ ముఖంలో పోలిక వెతికాడు.

"కొండబాబు అప్పవా నువ్వు?"

"అవును. గుర్తొచ్చిందా?"

"నా పేరు తవిటయ్యమ్మా. ఆ దొరకి మన పేర్లు నోరు తిరగవు. దుబాసీగా ఎవుడు సేరినా రామస్వామనే పిలిసేవోడు. మీవోణ్ణి కొట్టినోడు నా ముందటి రామస్వామి."

కాసులమ్మ చెయ్యి పంట్లాం మడతలో ఉండిపోయింది.

"మరి మావోడు నీకెలా తెలుసు?"

"ఏడెన్‌లో ఇద్దరం ఒక్క గదిలో ఉండేవోళ్ళం. తప్పితే మళ్ళీ కొడతారని, నిద్దట్లో కూడా బ్రేసులు, బెల్టు, ఖమీస్, సిర్వాల్ అని వల్లించేవోడు."

తవిటయ్య సముద్రం వైపు తిరిగాడు. ఓడ కనబడడం లేదు, పొగ కనబడుతోంది.

"ఇయ్యాల ఆ ఓడలో జొరంతో పడున్నా మీవోడిది అదే వల్లింపు. ఒడ్డుకి దిగేక మీ అప్ప ఇల్లు నువ్వే సూపిద్దువులే అని ఆడికి సెప్పి వొచ్చేను. జొరమున్నోణ్ణి ఆ ఓడ మీంచి దింపాలంటే రేవు దొర ఒప్పుకోవాలన్నారు, అది అడగడానికే వొంగేనమ్మా."