నలభై కిలోబార్ల దగ్గర

"మళ్లీ చెయ్యి" అన్నాడు దామోదరం.

ధనంజయ థీసిస్‌ను పరీక్షించడానికి తిరుపతి యూనివర్సిటీకి వచ్చాడాయన. పుట్టింది చిత్తూరే అయినా మద్రాసులో పేరు మోసిన ఈ పరీక్షకుడు, వైవా మొదలుపెట్టకుండా నేరుగా ప్రయోగశాలకొచ్చి కూర్చున్నాడు. థీసిస్‌లో ఒకే ఒక్క వాక్యం కింద ఎర్రగీత గీసుకొచ్చాడు. అభ్రకంలా పొరలు పొరలుగా ఉండే ఈ అర్ధవాహకాన్ని నలభై కిలోబార్ల ఒత్తిడితో నొక్కితే పొరలు దగ్గరై, విద్యుత్ నిరోధం ఒక్కసారిగా పడిపోయి, అది లోహంలా మారుతుందన్న వాక్యం అది. అంతకుముందు ఆ మాట ఎవరూ అచ్చు వేయలేదు. తప్పని తేలితే ఆరేళ్ల కష్టం మట్టిలో కలిసినట్టే. పలమనేరు పోయి నాయనతో పాటు ఆవుల్ని మేపుకోవాలి.

ధనంజయ స్ఫటికం నుంచి ఇంకో రేకు చీల్చి, మీటరు తీగలు రెండూ దానికి తగిలించి, ఉక్కు దిమ్మెల మధ్య పెట్టి, ప్రెస్సు పిడి కొట్టాడు. ముప్పై. ముప్పై ఐదు. నలభై దగ్గర మీటరు ముల్లు టక్కున పడింది.

"తీగలు రెండూ నలిగి తగులుకొన్నాయేమో సూడు."

ధనంజయ దిమ్మెలు విప్పాడు. దామోదరమే భూతద్దం పెట్టి వెతికాడు. తీగలు ఒకదానికొకటి తగిలితే ముల్లు ఊరికే పడుతుంది, కానీ అవి తగల్లేదు. అయినా ఊరుకోక మూడోసారి చేయించాడు. ముల్లు మళ్లీ అక్కడే పడింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. తర్వాత వైవా రేపు పెట్టుకుందామని, తనకు కొండమీద పనుందని చెప్పి బస్సెక్కి వెళ్లిపోయాడు.

గైడు ముకుందం నీరుగారిపోయాడు.

"వైవా వాయిదా వేసినోణ్ణి నేనింతవరకూ సూడలేదప్పా. ఏదో తప్పు పట్టేసినట్టుండాడు."

ధనంజయకు అన్నం సయించలేదు. లెక్కలన్నీ మొదటినుంచీ తిరగేశాడు. ఒక్క తప్పూ కనబడలేదు. కనబడకపోవడం ఇంకా భయపెట్టింది. తనకే కనబడని తప్పయితే రేపు ఏమని జవాబు చెప్పాలి?

మర్నాడు పదకొండింటికి దామోదరం వచ్చాడు. నున్నటి గుండు, దానిమీద చందనం. తిరుపతిలో గుండ్లకేం కొదవ, ఎవరూ పట్టించుకోలేదు. ప్రశ్నలు అడగండి సార్ అని ధనంజయ నసిగాడు.

"ప్రశ్నలేమీ లేవప్పా. నువ్వు పాసు" అన్నాడు దామోదరం. "పన్నెండేండ్ల కిందట నాకూ నలభై దగ్గరే పడింది. తీగలు తగులుకొన్నాయని అందరూ నగితే నోరు మూసుకొన్నా."

దామోదరం గుండు తడుముకున్నాడు.

"ఇంకొకరికి పడితే తలనీలాలిస్తానని మొక్కుకొన్నా."