శుభ్రంగా చూసుకో

“ఆ కొత్త చొక్కా ఎందుకే? కంటికి కట్టు కట్టించుకొచ్చేవాడికి సింగారమా?” అన్నాడాయన.

ఆమె చొక్కా బయటికి తీయలేదు. దాని మీద తువ్వాలు, ఆపైన మందుల డబ్బా పెట్టి సంచీ మూతి బిగించింది. కంట్లో శుక్లం తీయించుకోవడానికి పది రోజుల ప్రయాణం. వెళ్ళినవాళ్ళంతా తిరిగొస్తారని ఎవరు రాసిచ్చారు? గడప దాటే ప్రతి మనిషినీ ఆఖరిసారి చూస్తున్నట్టే చూస్తుందామె.

అటవీశాఖలో ఆయన ఉద్యోగం కప్పల లెక్క. వాళ్ళ క్వార్టర్సు వెనక అడవిలో, చెట్ల నీడన ఒక నీటిగుంట ఉంది. తొలి వానకు బొటనవేలంత కప్పలు అక్కడికి గుడ్లు పెట్టడానికి వస్తాయి. పదహారేళ్ళుగా వానలు మొదలవగానే ఆయన కాపురం గుంట పక్కనున్న రేకుల షెడ్డుకు మారిపోతుంది. రెండు నెలలపాటు ఇంటికి వచ్చేది బురద బట్టలే, మనిషి కాదు.

“ఈ ఏడైనా ఇంటిపట్టున ఉండకూడదూ?”

“కప్పలు రాకపోతే ఉంటాలే. ఆఫీసువాళ్ళే షెడ్డుకు తాళం వేస్తారు. అప్పుడు పొద్దస్తమానం నీ కొంగు పట్టుకుని తిరుగుతా, సరేనా?” నవ్వుతూ గేటు దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. “నేనొచ్చేదాకా గుంటను శుభ్రంగా చూసుకో.”

శుభ్రంగా తిను, శుభ్రంగా పడుకో, శుభ్రంగా నడువు. ఆయనకది ఊతపదం. ముప్ఫై ఏళ్ళు కాపురం చేసిన మనిషికి ఆ మాటకూ చీపురుకూ సంబంధం లేదని తెలియదా? పైగా ఆయన గొలుసుకట్టు రాత పైవాళ్ళకు అర్థం కాదని, నోటుపుస్తకాలన్నీ తిరగరాసేది ఆమే. నీళ్ళలో నానిన ఆకే పిల్లకప్పలకు అన్నం. నీడ పోతే నీళ్ళు కాగుతాయి, గుడ్లు తెల్లబడి చచ్చిపోతాయి. ఇవన్నీ ఆమె తన చేత్తో రాసిన వాక్యాలే.

మూడో రోజున ఆమె కొమ్మలు కొట్టే మనిషిని పిలిపించింది.

“అయ్యగారు గుంట దగ్గర ఒక్క ఆకును కూడా ముట్టుకోనిచ్చేవారు కాదు కదమ్మా!”

“శుభ్రంగా చూసుకోమని గేటు దగ్గర నిలబడి మరీ చెప్పి వెళ్ళారు.”

“సరే, ఆకు తీస్తాను. కొమ్మలు కూడానా?”

“కొమ్మలుంటే మళ్ళీ ఆకు రాలదూ?”

“మొగుడూ పెళ్ళాల మధ్య నాకెందుకులెండి,” అని గొణుక్కుంటూ అతను గొడ్డలి భుజాన వేసుకున్నాడు.

రెండు రోజుల్లో గుంట తోమిన పళ్ళెంలా మెరిసింది. ఎండ సరాసరి నీళ్ళలోకి దిగింది.

పదో రోజున ఆయనా తొలి వానా ఒకేసారి వచ్చారు. నల్ల కళ్ళద్దాలతోనే ఆయన గుంట దగ్గరికి పరుగుతీశాడు. గొడుగు పట్టుకుని వెనకాలే ఆమె. గట్టు నిండా బురదకప్పలు గొంతులు చించుకుంటున్నాయి. ఎక్కడ కాసిని నీళ్ళుంటే అక్కడ సంసారం పెట్టే జాతి అది. ఆయనవి ఒక్కటీ లేవు.

ఆయన చతికిలబడి నీళ్ళలో చెయ్యి ముంచాడు. “వెచ్చగా ఉన్నాయే,” అన్నాడు.

“శుభ్రంగా అన్నది మీరే కదండీ…”

కొత్త కంటితో ఆయన ఆమెను చాలాసేపు చూశాడు.

“తప్పు నాదే. నోటికొచ్చిన మాట అనేసి వెళ్ళాను. నువ్వేం చేస్తావులే, పిచ్చిదానా.”

ఆ క్షణాన చెప్పేసి ఉండాల్సింది. గొడుగు ఆయన తల మీదికి జరిపింది.

వారం చూశాడు. అవి రాలేదు. ఎనిమిదో రోజు పొద్దున్నే సంచీ తనే సర్దుకున్నాడు.

“గుట్ట అవతల ఇంకో నీడగుంట ఉందట. అక్కడికి చేరాయేమో చూసి నాలుగు రోజుల్లో వస్తా.”

“వాగు పొంగుతోందండీ.”

“మోకాలి లోతేలే. నా బల్ల సొరుగులో ఒక కాగితం ఉంది, వీలుంటే చూడు. ఆసుపత్రికి వెళ్ళే ముందు రాశా. లెక్క తేలకుండా దాన్నెలా ఇస్తాను?”

ఆయన వెళ్ళాక సొరుగు తీసింది. అది రాజీనామా. తిరగరాయమని ఆయన తనకు ఇవ్వని కాగితం అదొక్కటే. ‘ఈ వానల లెక్క ముగియగానే నన్ను ఉద్యోగం నుండి విడుదల చేయగోరుతున్నాను. నా భార్య చాలా ఏళ్ళు ఒంటరిగా గడిపినది.’

ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తరువాత కళ్ళు తుడుచుకుంది. ఎంత, నాలుగు రోజులే కదా! రాగానే కాళ్ళ మీద పడి నిజం చెప్పేస్తే సరి. ఆ ఉత్తరాన్ని తెల్లకాగితం మీద గుండ్రంగా తిరగరాసి, సంతకానికి చోటు వదిలి, కలం పక్కనే పెట్టింది.

నాలుగో రోజున ఆయన రాలేదు, ఆ తరువాత ఎప్పుడూ రాలేదు.