జిడ్డు డాక్టర్

"నా తలలో కత్తి పెడితే నువ్వే పెట్టాలి. లేదంటే ఇప్పుడే సంచీ సర్దుకుని ఇంటికి పోతాను" అంటూ అక్క ఆస్పత్రి మంచం మీంచి కాళ్ళు కిందికి దించేసింది.

"పొద్దున్నే ఆపరేషన్ పెట్టుకుని ఇదేం మొండితనం అక్కా?" అన్నాడు తమ్ముడు. ఇలాంటి ఆపరేషన్లకు పెట్టింది పేరు అతను. తల నెరిసినా అక్కకు మాత్రం ఇంకా బుజ్జిగాడే.

"పక్కచూపు సగం పోయింది, మిగతాది పోయేలోపు చేయించుకోమన్నది నువ్వే. చెయ్యనంటున్నదీ నువ్వే. ఏమిట్రా బుజ్జీ ఇది?"

తమ్ముడు స్కాన్ చూపించాడు. మెదడు అడుగున బఠాణీ గింజంత గ్రంథి, అందులోంచి పెరిగిన కణితి. దానికి అటొకటీ ఇటొకటీ, మెదడుకు రక్తం తీసుకెళ్ళే పెద్ద నాళాలు.

"మామూలుగా ఇవి కాస్త ఎడంగా ఉంటాయి. నీకు ఈ ఎడమది లోపలికి వంగి కణితిని ఆనుకుంది. ముక్కులోంచి వెళ్ళి తీసేటప్పుడు దానికి చిన్న గాటు పడిందా... బల్ల మీద ఉన్నది నువ్వనుకుంటేనే చెయ్యి వణుకుతోంది అక్కా."

అక్క మనసు కరిగిపోయింది. ఆ చేతిని తన ఒళ్ళోకి లాక్కుంది. "పిచ్చి సన్నాసీ! మరి ఎవరు చేస్తార్రా?"

ఇంతలో తలుపు తోసుకుని ఇంకో డాక్టర్ వచ్చాడు. తమ్ముడు ఇంట్లో రోజూ 'జిడ్డు' అని తిట్టుకునేది ఇతన్నే. పలకరింపు కూడా లేకుండా స్కాన్ మీద వేలు పెట్టాడు.

"ముందు ప్రోబ్ ఆనించి నాళంలో రక్తం చప్పుడు వింటాను. అదెక్కడుందో తేలాకే కోస్తాను."

"ఒకసారి వింటే సరిపోదు. ప్రతి కోతకీ ముందు వినాలి" అన్నాడు తమ్ముడు.

"నాకే పాఠాలా?"

"నీకే!"

నర్సు పరుగున వచ్చింది. "సార్, వార్డంతా వింటోంది" అని తమ్ముణ్ణి బతిమాలి బయటికి తీసుకెళ్ళింది.

అక్కకు పై ప్రాణాలు పైనే పోయాయి. "ఉన్నమాట చెప్పండి బాబూ. మీ ఇద్దరికీ ఉప్పూ నిప్పూ. అలాంటిది మావాడు ఏరి కోరి నన్ను మీ చేతుల్లో పెడుతున్నాడేం?"

జిడ్డు డాక్టర్ మొదటిసారి నవ్వాడు.

"పోయినేడు మీ తమ్ముడి చేత ఆపరేషన్ చేయించుకోబోతూ మా అమ్మ కూడా నన్ను సరిగ్గా ఇదే అడిగిందండీ."