ఉత్తుంగుడి దాహం

ఆఫ్రికా గడ్డిమైదానంలో ఒక నీటిగుంట ఉంది. దాని ఒడ్డున ఉత్తుంగుడనే జిరాఫీ మూడు రోజులుగా చుక్క నీరు ముట్టకుండా నిలబడి ఉన్నాడు. ఎదురుగా జీపు, అందులో ఫొటోలు తీసేవాళ్లు ఉన్నారు.

"తాగవేంరా?" అని అడిగింది బురదలో పొర్లుతున్న ముసలి అడవిపంది.

"నీళ్లందాలంటే ముందుకాళ్లు బార్లా చాపి వంగాలి, అవ్వా. ఆ అవతారం ఫొటోలో పడితే నా పరువేం కాను?" అన్నాడు ఉత్తుంగుడు, మెడ ఇంకాస్త నిక్కించి.

మధ్యాహ్నానికి నాలుక పిడచకట్టుకుపోయింది, కళ్లు బైర్లు కమ్మాయి. ఇక ప్రాణం నిలిస్తే చాలనుకుని, సిగ్గుతో చచ్చిపోతూనే కాళ్లు చాపి గుంటలో మూతి పెట్టాడు. కెమెరాలన్నీ ఒక్కసారిగా క్లిక్కుమన్నాయి.

"అమ్మయ్య, వంగాడు! మూడు రోజులుగా దీనికోసమేగా ఎండలో మాడుతున్నాం!" అంది జీపులో ఒకావిడ సంబరంగా.

ఉత్తుంగుడికి నవ్వాగలేదు. తాగుతున్న నీళ్లు ముక్కులోంచి చిమ్మాయి.

"వాళ్లకి ఫొటో లేకుండా చేశాను, నాకు నీళ్లు లేకుండా చేసుకున్నాను. నా అంత తెలివైనవాణ్ణి ఎక్కడైనా చూశావా, అవ్వా?" అన్నాడు.